కాకివేట: దీమము, మాటు, వేటకుక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



భారతములోని సౌప్తికపర్వమును విన్నవారికి ఒక రాత్రి జ్ఞాపకముండును. దుర్యోధనుడు తొడలు విరిగి పడియున్నాడు. అశ్వత్థామకు నిద్ర రాలేదు. అతడు మఱ్ఱిచెట్టు క్రింద కూర్చుండి పైకి చూడగా, కొమ్మలపై నిశ్చింతగా నిదురించుచున్న కాకులపై ఒక గుడ్లగూబ చప్పుడు లేకుండ వచ్చిపడి వానిని చంపుచుండెను. పాండవశిబిరముపై రాత్రివేళ పడవలెనను దుర్బుద్ధి అతనికి అచ్చటనే పుట్టెను. పంచతంత్రములో మూడవదియైన కాకోలూకీయమునకును ఈ కాకి-గూబల వైరమే మూలము.

ఇది కేవలము కవుల కల్పన కాదు. అమెరికా అడవులలో తలపై కొమ్ములవలె ఈకలు నిక్కియుండు పెద్ద గుడ్లగూబ ఒకటి కలదు. అది రాత్రివేళ కాకులను గూళ్లలోనుండియు, కొమ్మలపైనుండియు ఎత్తుకొనిపోవును. తెల్లవారిన పిమ్మట అదే గూబ ఒక కాకి కంటబడినచో కథ మారిపోవును. ఆ కాకి పెట్టు కేకకు చుట్టుప్రక్కల కాకులన్నియు మూగి, గూబను పొడువబోయి, అరచి, తరిమి, అది పారిపోవువరకు విడువవు. అమెరికా దేశమున కాకివేట ముఖ్యముగా ఈ ఒక్క స్వభావముపై నిలిచియున్నది. నేటి ప్రసంగమునకు విషయము అదియే.

తెలుగున దీమము అను పాతమాట యొకటి కలదు. తన జాతివానిని దగ్గరకు రప్పించుటకై వేటగాడు మచ్చిక చేసి నిలుపు మృగమునకు గాని పక్షికి గాని ఆ పేరు. పంజరములో నొక కౌజును పెట్టి కూయించి, అడవి కౌజులను పట్టు విధము పల్లెల పెద్దలెరిగినదే. అమెరికా కాకివేటలో దీమము ప్రాణము లేని బొమ్మ. పూర్వము కఱ్ఱతోను, కాగితపు గుజ్జుతోను, తరువాతి కాలమున ప్లాస్టిక్కుతోను చేసిరి. గూబబొమ్మను దూరమునుండి కనబడునట్లు ఎత్తైన వాసముపై నిలిపి, దాని చుట్టు కొమ్మలపై నాలుగైదు కాకిబొమ్మలను దానివైపు తిప్పి పెట్టుదురు. జర్మనీ దేశమున పూర్వము ప్రాణముతోనున్న గుడ్లగూబనే కొయ్యకు కట్టి, ప్రక్క గుడిసెలో వేటగాడు పొంచియుండెడివాడు.

రెండవ విధము మేతదీమము. కోత కోసిన మొక్కజొన్న చేలో పండ్రెండో, ఇరువదినాలుగో కాకిబొమ్మలను మేయుచున్నట్లు చెదరగా నుంచి, ఒక బొమ్మను మాత్రము ఎత్తైన కొమ్మపై పెట్టుదురు. ఏలయనగా మేయు కాకుల గుంపునకు కాపు కాయు కాకి యొకటి పైన నుండుట వాడుక. కావలికాకి లేని గుంపును చూచినచో నిజమైన కాకికి అనుమానము పుట్టును.

బొమ్మకు గొంతు నిచ్చునది పిలుపుబూర. లోపల నాలుక గల చిన్న కఱ్ఱగొట్టమును నోట నూది, గుంపును పిలుచు కూతను, గూబతో పోరాడు కూతను, గాయపడిన కాకి మొఱను వేరువేరుగా పలికింతురు. ఒక కూతకు బదులు మఱియొకటి ఊదినచో వచ్చుచున్న కాకులు వెనుదిరిగి పోవును.

ఇక మాటు. కాకి కన్ను మిక్కిలి చురుకైనది. అందుచేత కాకులు రాత్రి బసచేయు చెట్లకును మేతపొలములకును నడుమ, అవి ప్రతిదినము పోవు దారిని ముందుగా గుర్తించి, అచ్చట ఎండుచొప్పతోను కొమ్మలతోను మాటు కట్టుదురు. బస క్రిందనే కట్టుట తెలివి కాదు. ఒక దినము కాల్పులు జరిగినచో ఆ బసనే కాకులు విడిచిపోవచ్చును. వేటగాడు పరిసరములలో కలిసిపోవు రంగుబట్టలు కట్టి, ముఖమును చేతులను కప్పుకొని, తుపాకి గొట్టము మెఱయకుండ చూచుకొని కదలక కూర్చుండును. కాకి ముప్పది గజముల లోపలికి వచ్చినప్పుడే చిన్న రవ్వలు నింపిన తూటాతో కాల్చును.

మాటులో అతని ప్రక్కన వేటకుక్క యుండును. నేలకూలిన పక్షిని వెదకి, పంటి గాటు పడకుండ మెత్తగా నోట కరచి తెచ్చుట దాని పని. లాబ్రడార్ జాతి కుక్కలు ఇందుకు పేరొందినవి. బాతును తెచ్చుటకంటె కాకిని తెచ్చుట కుక్కకు కష్టము. రెక్క విరిగిన కాకి ఊరకుండదు. ముక్కుతో కుక్క మూతిని, కన్నును పొడువజూచును. అందుచేత అనుభవము గల శిక్షకుడు పిల్లకుక్కను ప్రాణముతోనున్న కాకిపైకి మొదటనే పంపడు. ఒక్కమారు బెదరిన కుక్క మరల ఆ పనికి వెనుదీయును. గాయపడిన ప్రాణిని చొప్పలో విడిచిపోవుట తప్పని ఆ దేశపు మంచి వేటగాండ్ర నియమము. ఆ నియమమును నిలుపునది కుక్కయే.

ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. చేప ఎఱకు వచ్చునది ఆకలిచేత. కౌజు దీమమునకు వచ్చునది పోటీచేత. కాకి గూబబొమ్మవద్దకు వచ్చునది ఆకలిచేత కాదు, తనవారికి ఆపద యని విని. దానిని పట్టి యిచ్చునది దాని లోభము కాదు, దాని బంధుప్రీతి. అట్టి గుణమును ఆసరా చేసికొని వేటాడువానికి హద్దు తెలిసియుండవలెను.

హద్దు దాటిన చరిత్రయు కలదు. కాకి పంటకు శత్రువా, మిత్రమా అని తేల్చుటకై అమెరికా వ్యవసాయశాఖకు చెందిన కామ్‌బాక్ అను శాస్త్రజ్ఞుడు 2,000కు పైగా కాకుల కడుపులలోని ఆహారమును పరిశీలించి, 1918లో ఫలితములను ప్రకటించెను. కాకి ధాన్యమును తినుట నిజము. పంటను పాడుచేయు పురుగులను, మిడుతలను తినుటయు నిజము. తీర్పు ఒకవైపే చెప్పదగినది కాదు. ఐనను 1934 మొదలు 1945 వరకు ఓక్లహోమా రాష్ట్రమున కాకులు నిద్రించు తోపులలో ప్రేలుడు పదార్థములు అమర్చి, నూటికి పైగా మారులు ప్రేల్చి, ముప్పది లక్షలకు పైగా కాకులను చంపిరి. ఇంత చేసినను పంటనష్టము తగ్గినట్లు నిదర్శనము కానరాలేదు. అశ్వత్థామ రాత్రియుద్ధము వలెనే ఇదియు నిద్రించువారిపై జరిగిన యుద్ధము. ఫలమును అట్టిదే.

1972లో అమెరికా, మెక్సికో దేశముల ఒడంబడిక కాకిని రక్షణ గల పక్షులలో చేర్చెను. అప్పటినుండి ఆ దేశమున కాకివేట ఏడాదికి 124 దినములకు మించరాదు. పిల్లలను పెంచు ముఖ్యకాలమున జరుగరాదు. విచిత్రమేమనగా, అదే 1972లో మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టము కాకిని ఎలుకలతోను, గబ్బిలములతోను కలిపి హానికర జంతువుల పట్టికలో వ్రాసెను. పిండము పెట్టి కాకి రాకకై గడపలో నిలిచి ఎదురుచూచు దేశములో ఇట్లు జరిగెను. 2022 నాటి సవరణతో ఆ పట్టిక తొలగిపోయెను.

చివరకు శాస్త్రము చెప్పిన మాట. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున మార్జ్‌లఫ్ అను ఆచార్యుడును అతని సహాయకులును ఒక విశేషమైన ముసుగు ధరించి, ఏడు కాకులను పట్టి, గుర్తులు కట్టి విడిచిపెట్టిరి. ఆ మీదట ఆ ముసుగు ఎవరు ధరించి వచ్చినను కాకులు తిట్టినవి; వేరొక ముసుగును పట్టించుకొనలేదు. ఏండ్లు గడచిన కొలది, ఎన్నడును పట్టువడని కాకులును, తరువాత పుట్టిన పిల్లలును ఆ ముఖమును తిట్టనేర్చినవి. చచ్చిన కాకి చుట్టు కాకులు మూగుట అచ్చటి ఆపదను తెలిసికొనుటకని అదే విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2015లో ప్రకటించిరి.

ఈ మాట వినగానే మన రైతుల పెదవులపై చిరునవ్వు మొలచును. చచ్చిన కాకిని గడకు వ్రేలాడగట్టి చేలో నిలుపు వాడుక ఇచ్చట ఏనాటిదో! దానిని చూచి కాకులు మూగి, అరచి, ఆ చేనికి దూరముగా పోవును. అమెరికాలో పట్టణములలోని కాకిబసలను చెదరగొట్టుటకు కాకి కళేబరముల బొమ్మలను వ్రేలాడదీసి పరీక్షించినప్పుడు అదియు పని చేసినది. కాకిని పిలిచి చంపుటకు ఏ గుణము పనికివచ్చెనో, కాకిని చంపక సాగనంపుటకును ఆ గుణమే పనికివచ్చుచున్నది. ప్రేలుడు మందు చేయలేని పనిని చేయునది ఎదుటి ప్రాణి స్వభావము నెఱిగిన తెలివి.

గూటినుండి జారిపడిన పిల్ల చుట్టు కాకులు గోల చేయుచుండగా బాలురు రాయి తీయుట కద్దు. ఈసారి ఆ రాతిని క్రింద పెట్టించి, కొంతసేపు నిలిచి చూడుమని చెప్పుడు. అట్లు నిలిచి చూచుట నేర్పుటకే గ్రంథాలయములు పుట్టినవి.