ప్రసిద్ధ గ్రంథము - ప్రసిద్ధ చిత్రము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పేరుగాంచిన నవల చలనచిత్రముగా వచ్చినప్పుడెల్ల రెండు మాటలు వినవచ్చుచుండును. నవల చదివినవారు "కథను పాడుచేసినారు" అందురు. చదువనివారు "చిత్రము చూచితిమి గదా, ఇక పుస్తకమెందుకు?" అందురు. మొదటి మాట చిత్రమునకు అన్యాయము. రెండవ మాట గ్రంథాలయమునకే ముప్పు. ఈ రెంటిలోని నిజానిజములను వంగదేశపు "పథేర్ పాంచాలి" చక్కగా తేల్చును.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రచించిన ఈ నవల 1929లో గ్రంథరూపమున వెలువడినది. దాని బాలల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేసిన చిత్రకారుడే సత్యజిత్ రాయ్. ధనము చాలక పలుమార్లు ఆగిన ఆయన చిత్రము, పశ్చిమ వంగ ప్రభుత్వ సహాయముతో పూర్తియై 1955లో విడుదలయ్యెను. 1956లో ఫ్రాన్సు దేశమందలి కాన్ చిత్రోత్సవమున బహుమతి పొందెను.

ఈ చిత్రము నవలను ఉన్నదున్నట్లు అనుసరింపలేదు. నవలలో వృద్ధురాలు ఇందిర్ ఠాక్రూన్ కథారంభముననే మరణించును; చిత్రములో బాలుడు అపు ఎదిగినదాక జీవించియుండును. నవలలో అక్క దుర్గయు, అపువు రైలుదారి చూడబోయి, చూడకయే ఇల్లు చేరుదురు. ఆ కోరిక తీరకయే దుర్గ కన్నుమూయును. చిత్రములోనో, తెల్లని రెల్లుపూల ఆవల రైలు పొగలు చిమ్ముచు సాగిపోవును. దుర్గ దొంగిలించి దాచినది నవలలో బంగారు భరిణె; అపు దానిని వెదురుపొదలలోనికి విసరివేయును. చిత్రములో అది పూసలదండ. చెరువులో పడగానే నాచు విడివడి మరల కప్పుకొనును. అక్క గుట్టును తమ్ముడు కాపాడిన తీరు ఒక్క మాటయైన లేక ప్రేక్షకునకు తెలియును. దుర్గ మరణవార్త తండ్రికి తెలిసిన వేళ తల్లి రోదనకు మారుగా వాద్యధ్వని వినవచ్చును. మార్పులు చేసియు నవల హృదయమును నిలుపుకొన్న ఈ చిత్రము తన కీర్తికి అన్నివిధముల తగినదే.

అయినను తెరకు అందనిది కొంత గలదు. నవలలో తల్లి మహాభారతము చదువుచుండగా విన్న అపు, రథచక్రము క్రుంగిన కర్ణునికై లోలోన కుమిలిపోవును. చిత్రములో అపు నాటకము చూచి వచ్చి కిరీటము పెట్టుకొనుట కనబడును గాని, కర్ణునికై ఆ పసిమనసున పుట్టిన జాలి కనబడదు. ఒక గ్రంథము బీదయింటి బాలుని మనసును ఎంత విశాలము చేయగలదో అక్షరములే చెప్పగలిగినవి. మరియు కుటుంబము ఊరు విడిచి బండియెక్కుటతో చిత్రము ముగియును. నవల వారివెంట కాశివరకు సాగును.

కావున చిత్రమును చూచినవారు గ్రంథమును విడువరాదు. గ్రంథమును చదివినవారు చిత్రమును తూలనాడరాదు. మద్దిపట్ల సూరి అనువాదము వలన ఈ నవల తెలుగు పాఠకులకును అందినది. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమును పోషించిన చందాదారులు, మంచి చిత్రము చూచిన మరునాడు దాని మూలగ్రంథమునడుగుచు ఇచ్చటికి వత్తురేని, చిత్రము గ్రంథమునకు శత్రువుగాక తోడగును. ఆ అలవాటు మన పిల్లలకు అబ్బుటయే ఈ రజతోత్సవమునకు సార్థకత.