వాన లెక్క, వాగు లెక్క
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

భోజనాల వేళ అయింది కనుక నాకిచ్చిన పది నిమిషాల్లో రెండు తగ్గించుకుంటాను.

పరీవాహక ప్రాంతంలో ఇంత వాన పడితే వాగులో ఎంత నీరు వస్తుందో చెప్పే లెక్కనే కంప్యూటరు వాళ్ళు మోడల్ అంటున్నారు. నేల ఎంత తాగుతుంది, ఎంత ఆలస్యంగా వదులుతుంది అనే అంకెలను ప్రాంతమంతటా కొలవడం మన తరం కాదు. లెక్కలో వచ్చిన ప్రవాహం, గేజి దగ్గర రాసిన ప్రవాహంతో కలిసేదాకా వాటిని సవరించడమే కాలిబ్రేషన్. మా రోజుల్లో గ్రాఫు కాగితం, స్లైడ్ రూలు, కంటి అంచనా. వరద శిఖరం కుదిరితే వేసవి ప్రవాహం చెడేది.

తరువాత ఆ పని యంత్రానికి అప్పగించారు. తొలి పద్ధతులు చీకట్లో కొండ ఎక్కేవాడి వంటివి. ఎటు ఎత్తుంటే అటే అడుగువేసి, ఏదో చిన్న గుట్ట మీద ఆగిపోయేవి. 1992లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన దువాన్, సొరూషియన్, గుప్తా దీనికి విరుగుడు చెప్పారు. పలు జట్లను కొండ నలుమూలలా దింపి, ఎవరి జట్టు వారు వెదికాక, అందరినీ కలగలిపి మళ్ళీ జట్లు కట్టడం. మన రమ్మీ బృందానికి ఇది చప్పున అర్థమవుతుంది!

ఎంత కుదిరిందో చెప్పడానికి 1970లో నాష్, సట్‌క్లిఫ్ ఇచ్చిన కొలమానం ఉంది. ఒకటి వస్తే అచ్చంగా కుదిరినట్టు. సున్నా వస్తే, రోజూ సగటు ప్రవాహమే చెప్పి ఊరుకున్నా ఒకటే. తేడాలను వర్గం చేసి కూడుతుంది కనుక పెద్ద వరదకే పెత్తనం.

నేను రిటైరైన కొన్నేళ్ళకు ఒక కుర్ర ఇంజనీరు తన మోడల్ చూపించాడు. 0.9 దాటింది. కాని అంకెలు చూస్తే నల్లరేగడి నేల, తడిసి ముద్దయ్యాక కూడా ఇసుక నేలలా నీరు తాగేస్తోంది! గేజి రిజిస్టరు జిరాక్సు తెప్పించాను. ఆ రికార్డులోకెల్లా పెద్ద వాన పడిన రాత్రి రీడింగులన్నీ ఒకే తీరు, ఒకే సిరా. వరద శిఖరమే లేదు. లేని శిఖరాన్ని కుదర్చడానికి యంత్రం ఆ నీళ్ళన్నీ నేలచేత తాగించింది.

అయ్యా, ఆ గేజి నా సెక్షన్‌లోదే. ఆ రాత్రి మనిషిని వాగు దగ్గరికి పంపడానికి భయపడి, తెల్లారాక కాగితం నింపమన్నది నేనే. కింద సంతకం నాదే.

ఆ వరద తీసేసి నడిపించాం. మార్కు తగ్గింది, నేల మళ్ళీ నల్లరేగడి అయింది. "తగ్గిన మార్కు పైవాళ్ళకి ఎలా చూపించను సార్?" అన్నాడు కుర్రవాడు. జిరాక్సు మీద "ఈ రీడింగులు ఊహించి రాసినవి" అని రాసి, తేదీ వేసి, మళ్ళీ సంతకం చేసి అతని చేతికిచ్చాను.