రెండు నాభుల నడుమ ఒక ఎలక్ట్రాను

తోటలో కోలగా పూలమడి వేయవలసి వచ్చినపుడు తోటమాలి చేయు ఉపాయమును మనలో పలువురు చూచియే యుందురు. నేలలో రెండు మేకులు పాతి, వాటికి వదులుగా ఒక త్రాడు కట్టి, ఆ త్రాటిని పుల్లతో బిగలాగి చుట్టును గీయును. గణితజ్ఞులు ఆ గీతను దీర్ఘవృత్తమనియు, మేకులున్న చోట్లను నాభులనియు అందురు. గీతపై ఎచ్చట నిలిచినను రెండు మేకుల దూరములను కలుపగా వచ్చు మొత్తము మారదు. ఈ ఉపాయమే ఒక అణువు గుట్టును విప్పుటకు తోడ్పడినది.

ఉదజని పరమాణువున కేంద్రకము ఒక్కటే. దానినుండి ఎలక్ట్రాను ఎంత దూరమున, ఏ దిక్కున నున్నదో చెప్పిన చాలును. 1926లో ష్రోడింగరు తన తరంగ సమీకరణమును దానికి ఆ రీతినే సాధించెను. కాని ఉదజని అణువునుండి ఒక ఎలక్ట్రానును తొలగింపగా మిగులు అయానులో రెండు ప్రోటానులు, ఒక్క ఎలక్ట్రాను ఉండును. ప్రోటానులు ఒకదాని నొకటి తరుముకొనును. ఆ రెంటిని ఈ ఒక్క కణము ఎట్లు కట్టి యుంచుచున్నది? రసాయన బంధమునకు ఇంతకంటె సరళమైన ఉదాహరణము లేదు.

ప్రోటాను ఎలక్ట్రానుకంటె సుమారు 1836 రెట్లు బరువైనది గనుక, ప్రోటానులు రెండును కదలక నిలిచిన మేకులని భావింతము. ఎలక్ట్రాను వాటినుండి ఉన్న దూరముల మొత్తము ఒక కొలత, వాటి భేదము రెండవ కొలత, ఇరుసు చుట్టును తిరిగిన కోణము మూడవది. మొత్తము మారని చోట్లన్నియు చేరి కోలగుండువంటి తలమగును, దానినే గోళాభమందురు. ఇట్లు కొలిచినచో చిక్కు సమీకరణము మూడు సులభ సమీకరణములుగా విడిపోవును. వీటి సాధనలో వచ్చునవే గోళాభ తరంగ ప్రమేయములు. ఇవి అణువులకొరకు పుట్టినవి కావు. 1880లోనే నివెన్ అను గణితజ్ఞుడు కోలగానున్న ఘనపదార్థములలో వేడిమి ప్రసారమునకై వీటిని పరిశీలించెను. సన్నని ఏరియలునుండి వెలువడు రేడియో తరంగముల లెక్కలోను ఇవి పనికివచ్చునన్నచో శ్రోతలకు వింతగా నుండవచ్చును.

1921లో మ్యూనిక్ నగరమున సోమర్‌ఫెల్డు శిష్యుడు, యువకుడైన పౌలీ, ఈ అయానునే తన సిద్ధాంతవ్యాసమునకు విషయముగా గైకొనెను. కొలతలు ఇవియే, నియమములు మాత్రము ఆనాటి పాత క్వాంటం సిద్ధాంతమువి. తేలిన ఫలితము ప్రయోగములతో పొసగలేదు. అది పౌలీ లోపమని మేము తలంపము; ఆ సిద్ధాంతమే అచ్చట చేతులెత్తివేసినది. ఆరేండ్లకు, 1927లో, డెన్మార్కు దేశీయుడు బురౌ అవే కొలతలను క్రొత్త తరంగ సమీకరణమునకు వర్తింపజేసి, అంకెలతో ఓపికగా లెక్కించెను. ఈసారి లెక్క కుదిరినది. ప్రోటానుల ఎడము సుమారు 1.06 ఆంగ్‌స్ట్రాములు, అనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతుకంటె కొంచెము ఎక్కువ. బంధమును త్రెంచుటకు వలయు శక్తి సుమారు 2.8 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాను ఈ ప్రోటానుదనియు, ఆ ప్రోటానుదనియు చెప్పజాలము. రెంటి నడుమను దాని తరంగము దట్టముగా నిలిచియున్నది. 1931లో నార్వే దేశీయుడు హిలెరాస్, 1934లో జాఫే, ఈ లెక్కను శ్రేణుల రూపమున చక్కజేసిరి.

రెండవ ఎలక్ట్రాను చేరగానే ఈ సౌకర్యము పోవును. ఎలక్ట్రానులు పరస్పరము తరుముకొనుటచే సమీకరణము విడిపోదు. అయినను 1933లో జేమ్స్, కూలిడ్జి అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ కొలతలనే ఉంచుకొని, ఎలక్ట్రానుల మధ్య దూరమును వాటికి జోడించి, ఉదజని అణువు బంధశక్తిని లెక్కించిరి. అది ప్రయోగమునకు మిక్కిలి సమీపముగా వచ్చినది.