పండగయ్యాక బడికి

భోగి, సంక్రాంతి, కనుమ అయిపోయాయి. హనుమాన్ జంక్షన్‌లో బస్సులన్నీ తిరుగు ప్రయాణమైన చుట్టాలతో కిక్కిరిసి ఉన్నాయి. నూజివీడు వైపు మామిడి తోటలు పూతకొచ్చాయి. ఇక రెండు మూడు రోజుల్లో బడి.

మొదటి మాట నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పండగకు అర్ధరాత్రి దాకా మేలుకున్న పిల్లవాణ్ణి ఒక్కసారిగా పెందలాడే పడుకోమంటే పడుకోడు. రోజూ ఓ పావుగంట, అరగంట ముందుగా పడుకోబెట్టండి. పక్కలోకి ఫోను వద్దు.

ఇక చదువు. పిల్లవాడు ఎక్కాలు మరిచిపోయాడా? మరిచిపోతారండీ. తిట్టకండి. భోగిపళ్లు ఎవరికి పోశారు, గంగిరెద్దు ఏం చేసింది, అని అడగండి. చెప్పనివ్వండి. చెప్పిందే నాలుగు వాక్యాలుగా రాయించండి. మిగిలిన అరిసెలు వాడి చేతే పంపకం చేయిస్తే భాగహారమూ వస్తుంది!

బడికెళ్లే పొద్దున కడుపునొప్పి అంటే ప్రతిసారీ దొంగనొప్పి కాదు. బెంగ కావచ్చు. ఏం భయమో మెల్లగా అడగండి. తగ్గకపోతే టీచరుతో మాట్లాడండి, అవసరమైతే డాక్టరుకు చూపించండి.

తోటల్లో పనిచేసే తల్లిదండ్రులకు ఒక మాట. పూత మీద మందు కొట్టేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లకండి. ఆ మందు గాలి వాళ్లకు హాని. తోటకు బదులు బడికి పంపండి. సర్కారు బడిలో మధ్యాహ్నం డొక్కా సీతమ్మ గారి పేరిట భోజనం ఉంది. మొదటి రోజే పంపండి. ఒక్కరోజే కదా అని ఆపితే అది వారమవుతుంది.

మళ్లీ చెబుతున్నాను, ముందు నిద్ర. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి.