విలీనాలు – ఉద్యోగి మాట
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



విలీనాల గురించి మాట్లాడవలసిందని కార్యదర్శి గారి ఆజ్ఞ. నేను ఆర్థికవేత్తను కాను. ముప్పయి ఏళ్ళకు పైగా గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. కాబట్టి ఆఫీసు నోటు రాసిన పద్ధతిలోనే, ముందు విషయం, తరువాత అభిప్రాయం మనవి చేస్తాను.

మొదట మన ఇంటి సంగతి. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 28న బందరులో వ్యాపారం ప్రారంభించింది. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు అందులో కలిసింది. 1980 ఏప్రిల్ 15న జాతీయం చేశారు. 2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు పది ప్రభుత్వ బ్యాంకులను నాలుగుగా చేస్తున్నట్లు ప్రకటించారు. ఆ ప్రకారం 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిశాయి. నూరేళ్ళు నిండడానికి ఇంకా మూడున్నరేళ్ళు ఉండగానే బందరు బ్యాంకు పేరు బోర్డుల మీది నుంచి దిగిపోయింది.

ఉద్యోగులు ఊరుకోలేదు. 2019 అక్టోబరు 22న దేశవ్యాప్తంగా రెండు బ్యాంకు ఉద్యోగ సంఘాలు సమ్మె చేశాయి. ఒక్క ఉద్యోగం కూడా పోదని ప్రభుత్వం హామీ ఇచ్చింది. అయినా బ్రాంచీలు మూసివేస్తారేమో, బదిలీలు ఎక్కడికో, ప్రమోషన్లలో ఎవరు ముందో అన్న భయాలు మిగిలాయి.

ఇప్పుడొక చిత్రం చూడండి. అదే 2020 జనవరి 1న, అంటే సరిగ్గా మూడు నెలల ముందు, మన ఆర్టీసీ ఉద్యోగులు యాభై వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అది వారు ఏళ్ళ తరబడి కోరిన విలీనం. ఇదే విజయవాడలో, మూడు నెలల తేడాలో, ఒక విలీనాన్ని ఉద్యోగులు పండుగ చేసుకున్నారు, మరొకదాన్ని వద్దని జెండా పట్టారు. రెండుచోట్లా ఉద్యోగి ఉద్యోగే. మరి ఈ తేడా ఎందుకు వచ్చింది?

దీనికి జవాబు అమెరికా విమాన ఉద్యోగుల కథలో దొరుకుతుంది. పిల్లలు అక్కడ ఉన్నందువల్ల మనలో చాలామంది ఆ విమానాలు ఎక్కి దిగినవారే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మాతృసంస్థ 2011 నవంబరులో దివాలా రక్షణ కోరింది. యూ.ఎస్. ఎయిర్‌వేస్ దాన్ని కలుపుకోవాలనుకుంది. 2013 ఆగస్టు 13న అక్కడి న్యాయశాఖ, కొన్ని రాష్ట్రాలతో కలిసి, ఈ విలీనం వద్దని కోర్టుకు వెళ్ళింది. పోటీ తగ్గితే ఛార్జీలు పెరుగుతాయి, ప్రయాణీకుడు నష్టపోతాడు అన్నది సర్కారు వాదన. అప్పుడు పైలట్లు, విమాన పరిచారికలు, మెకానిక్కుల సంఘాలు ఏమన్నాయో తెలుసా? ప్రభుత్వం వైపు నిలబడలేదు. కంపెనీలను కలవనివ్వండి అని వాషింగ్టన్ వెళ్ళి ప్రదర్శన చేశాయి.

ఆశ్చర్యపడవలసిన పని లేదు. ఏడాది ముందే, 2012 ఏప్రిల్‌లోనే, యూ.ఎస్. ఎయిర్‌వేస్ ఆ మూడు సంఘాలతో జీతాలు, పని షరతుల మీద ఒప్పందాలు కుదుర్చుకుంది. కాగితం చేతిలో ఉంది కనుక విలీనం వారికి భయం కాలేదు, దివాలా నుంచి బయటపడే దారి అయింది. చివరకు 2013 నవంబరులో రాజీ కుదిరింది. రద్దీ విమానాశ్రయాలలో కొన్ని రాకపోకల వేళలను, గేట్లను ఇతర కంపెనీలకు వదులుకోవలసి వచ్చింది. డిసెంబరు 9న విలీనం పూర్తయింది.

అన్నిసార్లూ కథ ఇట్లా నడవదు. జెట్‌బ్లూ అనే కంపెనీ స్పిరిట్ అనే చౌక కంపెనీని కొనబోతే, 2024 జనవరి 16న కోర్టు ఆపింది. ప్రయాణీకుడికి చౌక టిక్కెట్టు మిగలాలన్నది న్యాయమూర్తి ఆలోచన. అదే సంవత్సరం నవంబరులో స్పిరిట్ దివాలా రక్షణ కోరింది, 2025 ఆగస్టులో మళ్ళీ కోరింది. ప్రయాణీకుడి కోసం ఇచ్చిన తీర్పు తరువాత ఉద్యోగి భవిష్యత్తు ఏమవుతుందో చెప్పే బాధ్యత ఆ చట్టానిది కాదు.

మన దేశంలోనూ 2002 నాటి పోటీ చట్టం ఉంది. కాంపిటీషన్ కమిషన్ ఉంది. పెద్ద విలీనాలు దాని అనుమతి పొందాలన్న నిబంధన 2011 జూన్ నుంచి అమలైంది. కాని 2017 ఆగస్టు 30న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, జాతీయం చేసిన బ్యాంకుల విలీనాలకు పదేళ్ళపాటు ఆ పరిశీలన నుంచి మినహాయింపు ఇచ్చింది. అందువల్ల ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్న రెండు బ్యాంకులు ఒకటైతే ఖాతాదారుకు ఎంపిక తగ్గుతుందా అని ఆ కమిషన్ ముందు విచారణే రాలేదు. అమెరికాలో ప్రభుత్వం విలీనాన్ని అడ్డుకోబోయింది. ఇక్కడ విలీనం చేసినదీ ప్రభుత్వమే, పరిశీలన అక్కరలేదన్నదీ ప్రభుత్వమే. తూచేవాడూ అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు కొనేవాడు తక్కెడ వంక మరింత జాగ్రత్తగా చూడాలి.

ఇక కాగితం లేని విలీనం ఎట్లా ఉంటుందో మన ఎయిర్ ఇండియా చూపించింది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను, ఎయిర్ ఇండియాను కలిపారు. రెండింటి జీతాలు వేరు, ప్రమోషన్ల పద్ధతులు వేరు. అవి సరిచేయకుండానే బోర్డు మార్చారు. సమాన జీతం కావాలని 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేశారు. డ్రీమ్‌లైనర్ శిక్షణలో తమ అవకాశం పోతుందని 2012లో పాత ఎయిర్ ఇండియా పైలట్లు చేశారు. ఆ రెండో సమ్మె 58 రోజులు నడిచింది. ఈ చిక్కులు విప్పడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయవలసి వచ్చింది. ముందు చేయవలసిన పని విలీనం జరిగిన నాలుగేళ్ళ తరువాత మొదలుపెట్టారు.

మన గుమాస్తాలకు ఇది కొత్త కాదు. 1956లో ఆంధ్ర రాష్ట్రం, తెలంగాణ కలిసినప్పుడు ఇరుపక్షాల ఉద్యోగులకు ఉమ్మడి సీనియారిటీ లిస్టు వేయవలసి వచ్చింది. నేను డెబ్భయ్యవ దశకంలో ఉద్యోగంలో చేరేసరికి కూడా ఆ లిస్టుల తాలూకు అభ్యంతరాలు, కోర్టు ఉత్తర్వులు ఫైళ్ళలో తిరుగుతూనే ఉన్నాయి. కొందరికి న్యాయం రిటైరయ్యాక కాగితం మీద దక్కింది. లిస్టులో ఒక్క అంకె కిందికి జారితే జీతంలో, ఆపైన పెన్షనులో, ఆపైన ఫ్యామిలీ పెన్షనులో ఎంత తరుగుతుందో ఈ హాలులో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

సోదరులారా, విలీనం మంచిదా చెడ్డదా అని గుడ్డిగా వాదించడం అనవసరం. ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న టాటాల చేతికి వెళ్ళేటప్పుడు, రిటైరైనవారి వైద్యం కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందికి తెచ్చారు. ఎవరో అడిగారు కనుక వచ్చింది. మన ఆర్టీసీ సోదరులు ప్రభుత్వంలో కలిసినా, పాత పెన్షను కోసం ఆ తరువాత కూడా అడుగుతూనే ఉండవలసి వచ్చింది. ముందు రాసుకోనిది తరువాత దొరకడం ఎంత కష్టమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కనుక నా మనవి మూడు అంశాలు. ఏ సంస్థ కలిసినా, సీనియారిటీ సూత్రం కలవకముందే ప్రకటించాలి. పెన్షను, వైద్యం ఎవరి బాధ్యతో పేరుతో సహా రాయాలి. ఖాతాదారు, ప్రయాణీకుడు నష్టపోతాడా అన్న పరిశీలన, ప్రభుత్వ సంస్థ అయినా సరే, బయటివారు చేయాలి. ఈ చివరిది మనకెందుకు అనుకోవద్దు. సర్వీసులో ఉన్న ఉద్యోగి సమ్మె చేయగలడు. రిటైరైన ఉద్యోగికి ఆ ఆయుధం లేదు. అతను ఒకే సమయంలో పాత ఉద్యోగీ, నేటి ఖాతాదారూ. విలీనం అతన్ని రెండు వైపులా తాకుతుంది.

సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి. సంతకం పెట్టేముందు చదవండి అని వారికి చిన్నప్పుడు నేర్పినవాళ్ళం మనమే. ఈ మూడు అంశాలతో సంఘం తరఫున ఒక తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.