జూబ్లీహిల్స్ ఎటు మొగ్గింది? ఇంట్లోనే ఉండిపోయిన 2 లక్షల ఓట్ల సంగతి

ఈ ఎపిసోడ్‌లో ఒక్క నియోజకవర్గం గురించే మాట్లాడుకుందాం. జూబ్లీహిల్స్. పేరు వినగానే హీరోల ఇళ్లు, పబ్బులు, పెద్ద పెద్ద కార్లు గుర్తొస్తాయి కదా? అసెంబ్లీ నియోజకవర్గం అది కాదు. ఆ బంగళాల్లో చాలా భాగం పక్కనున్న ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి వస్తాయి. ఇక్కడి ఓటర్లు ఎక్కువగా ఉండేది బోరబండ, రహ్మత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, షేక్‌పేటల్లో. ఇరుకు సందులు, అద్దె ఇళ్లు, సినిమా ఛాన్స్ కోసం వచ్చి కృష్ణానగర్‌లో రూమ్ తీసుకున్న కుర్రాళ్లు. కాబట్టి "డబ్బున్నోళ్లు ఓటెయ్యరు, అందుకే పోలింగ్ తక్కువ" అన్న డైలాగ్ ఇక్కడ అంత ఈజీగా చెల్లదు.

ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ చనిపోవడంతో 2025 నవంబర్ 11న ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది. ముఖ్యమంత్రి నుంచి మంత్రుల దాకా గల్లీ గల్లీ తిరిగారు. టీవీల్లో నెల రోజులు ఇదే గోల. ఇంతా చేస్తే పోలింగ్ ఎంత? 48.49 శాతం. 2023 మామూలు ఎన్నికల్లో 47.58. అంటే అంత హడావుడికీ ఒక్క శాతం కూడా పెరగలేదు! అదే 2022లో మునుగోడు ఉప ఎన్నిక చూడండి, 93 శాతం.

ఇప్పుడు చిన్న లెక్క. మొత్తం ఓటర్లు 4 లక్షల పైచిలుకు. గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్‌కి వచ్చినవి 98,988. బీఆర్‌ఎస్ నుంచి మాగంటి సునీతకి 74,259. మెజారిటీ 24,729. మంచి మెజారిటీనే, కాదనట్లేదు. కానీ లిస్టులో ఉన్న ప్రతి నలుగురిలో ఒక్కరు వేస్తే ఎమ్మెల్యే అయిపోయారు. ఓటెయ్యనివాళ్లు 2 లక్షలకు పైనే. గెలిచిన ఓట్లకి రెట్టింపు.

మరి ఏరియా ఎటు మొగ్గింది అని అడిగితే? నాకైతే ఇదే ఇంట్రెస్టింగ్ పాయింట్. 2023 నవంబర్‌లో ఇక్కడ బీఆర్‌ఎస్ ఫస్ట్. ఆరు నెలలు తిరక్కుండానే, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇదే సెగ్మెంట్‌లో కాంగ్రెస్ ఫస్ట్, బీజేపీ సెకండ్, బీఆర్‌ఎస్ థర్డ్. 2025లో మళ్లీ బీఆర్‌ఎస్ రెండో ప్లేస్‌కి వచ్చింది, బీజేపీ 17 వేల దగ్గర ఆగి డిపాజిట్ పోగొట్టుకుంది. "మా ఏరియా ఫలానా పార్టీది" అని ఎవరైనా ఛాతీ చరుచుకుంటే ఈ మూడు రిజల్ట్స్ చూపించండి.

ఇంకోటి గమనించండి. ఉప ఎన్నికలో బీఆర్‌ఎస్ ఓట్లు కుప్పకూలలేదు. 80,549 నుంచి 74,259కి తగ్గాయి, అంతే. కానీ కాంగ్రెస్‌కి 64 వేల నుంచి దాదాపు 99 వేలకి పెరిగాయి. 2023లో సొంతంగా పోటీ చేసిన మజ్లిస్ ఈసారి కాంగ్రెస్‌కి మద్దతిచ్చింది. బీజేపీ ఓట్లు తగ్గాయి. కొత్తగా కొందరు బూత్‌కి వచ్చారు. అంటే జనం మొత్తం మనసు మార్చుకోనక్కర్లేదు. ఎవరు బయటికొచ్చారు, ఎవరు ఇంట్లో ఉన్నారు అన్నదాంతోనే ఫలితం తిరగబడొచ్చు.

"నా ఒక్క ఓటు ఎవరికి తెలుస్తుందిలే" అంటారు. మీరు ఎవరికి వేశారో తెలియదు, నిజమే. కానీ మీ బూత్ సంగతి అందరికీ తెలుస్తుంది. ఎన్నికలయ్యాక ఫారం 20 అని ఒక షీట్ పబ్లిక్‌లో పెడతారు. ఏ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది. జూబ్లీహిల్స్‌లో 407 బూత్‌లు, సగటున వెయ్యి మందికి ఒకటి. అంటే మీ నాలుగు గల్లీలు! మనం ఆ షీట్ చూడం. పార్టీలవాళ్లు మాత్రం లైన్ లైన్ చదువుతారు. వెయ్యిలో మూడొందలే పడ్డ బూత్ కోసం డ్రైనేజీ అధికారికి ఫోన్ చేసే నాయకుడు ఎవరుంటారు చెప్పండి?

అలాగని సిటీ జనాన్ని బద్ధకస్తులు అనెయ్యడం కూడా నాకు నచ్చదు. లిస్టులోనే సగం తలనొప్పి ఉంది. ఓనర్ అద్దె పెంచాడని ఎర్రగడ్డ నుంచి మియాపూర్ మారిపోయినవాడి పేరు ఎర్రగడ్డలోనే ఉంటుంది. వాడు ఓటెయ్యడు, శాతం పడిపోతుంది. ఇటు రూమ్‌లో ఉండే నలుగురి ఓట్లూ ఊళ్లోనే. అక్కడ బోరు పాడైతే వీళ్లకి తెలియదు, ఇక్కడ నల్లా రాకపోతే అడగడానికి వీళ్లకి ఓటు లేదు.

దీనికి మందు మీ ఫోన్‌లోనే ఉంది. ఇల్లు మారితే ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ ఫారం 8 నింపండి. పాత చోట పేరు తీసేసి కొత్త చోట చేరుస్తారు. రెండు చోట్లా ఉంచుకుందాం అనుకోకండి, అది చట్టప్రకారం తప్పు. మొదటిసారి ఓటరైతే ఫారం 6, పదిహేడు నిండితే ముందే అప్లై చెయ్యొచ్చు. రిజిస్టర్డ్ అద్దె అగ్రిమెంట్, బ్యాంక్ పాస్‌బుక్, గ్యాస్ బిల్లు, ఏదో ఒకటి అడ్రస్ ప్రూఫ్‌గా చాలు. హాస్టల్‌లో ఉండి చదువుకునేవాళ్లు కాలేజీ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఊరా, హాస్టలా అన్నది వాళ్ల ఇష్టం. నామినేషన్ల గడువు అయిపోయాక మాత్రం ఆ ఎన్నికకి పేర్లు చేర్చరు, హడావుడి పడినా లాభం లేదు.

కార్పొరేటర్ ఎన్నికల్లో అయితే తేడాలు ఇంకా చిన్నగా ఉంటాయి. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో బీఎన్ రెడ్డి నగర్ డివిజన్ ఫలితం తేలింది 32 ఓట్లతో. ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు ఫ్లోర్లు అనుకోండి.

వీడియో అయిపోగానే మీ పేరు ఏ బూత్‌లో ఉందో వెతికి, కామెంట్‌లో ఒక్క మాట రాయండి: ఇప్పుడున్న ఏరియాలోనే ఉందా, పాత అడ్రస్‌లోనే ఉండిపోయిందా? వచ్చే ఎపిసోడ్‌లో ఫారం 20 ఓపెన్ చేసి ఎలా చదవాలో స్క్రీన్ మీద చూద్దాం. ఉంటాను మరి.