సినిమాకు కాపలా కాసిన ఆలుమగలు



ఈ రోజు ఒక చిన్న పత్రిక సంగతి చెప్తాను. అది అమెరికాలో, సిన్సినాటి అనే ఊళ్ళో పుట్టింది. దాన్ని నడిపింది ఆలుమగలు. భర్త టిమ్ లూకస్, భార్య డోనా.

టిమ్ 1956లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి సినిమాల పిచ్చి. అందులోనూ దయ్యాల సినిమాలంటే మరీను. మన దగ్గర అభిమానులు కటౌట్లు కడతారు, పాలు పోస్తారు. అక్కడ కొందరు అభిమానులు తామే పత్రికలు రాసి అచ్చు వేసుకునేవారు. నాకైతే అదే నచ్చింది. 1972లో టిమ్ అలాంటి రాతలు మొదలుపెట్టాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు.

తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. జనం డబ్బు పెట్టి తెచ్చుకున్నారు. పెట్టె మీద సినిమా పేరుంది. లోపల చూస్తే పూర్తి సినిమా లేదు! కొన్నిట్లో సీన్లు కోసేశారు. కొన్నిటికి పేరే మార్చి అమ్మారు. సినిమా తెర వెడల్పు, టీవీ చిన్నది. బొమ్మ పట్టదని రెండు పక్కలా కత్తిరించారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరు కనపడరు, గొంతు మాత్రం వినపడుతుంది. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

టిమ్ ఏం చేశాడో చూడండి. ఒకే సినిమా క్యాసెట్లు వేరు వేరు దేశాలవి సంపాదించాడు. ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు? ఏ సీను పోయింది? అన్నీ రాసిపెట్టాడు. 1990లో సొంత పత్రిక పెట్టాడు. పేరు 'వీడియో వాచ్‌డాగ్'. అంటే కాపలా కుక్క అని. ఇంట్లోనే ఆఫీసు. అతను రాసేవాడు. దాన్ని పత్రికగా తయారుచేసి బయటికి పంపే పని డోనా చూసేది. ఇలాంటి చోట రాసినవాడి పేరే చెప్తారు గాని, సగం పత్రిక ఆమెదే.

ఇటలీలో మారియో బావా అనే దర్శకుడు ఉండేవాడు. తక్కువ డబ్బుతో గొప్పగా భయపెట్టేవాడు. అతని మీద టిమ్ 1975లో పుస్తకం మొదలుపెట్టాడు. అచ్చయ్యేసరికి 2007. అంటే 32 ఏళ్ళు! 1,100 పేజీలకు పైనే. ఆలుమగలే అచ్చు వేశారు. పాఠకులు ముందే డబ్బు కట్టి, ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. పాపం, బావా 1980లోనే పోయాడు.

అమ్మకాలు తగ్గి, 2017లో 184వ సంచికతో పత్రిక ఆగిపోయింది. టిమ్ పని ఆగలేదు. పాత సినిమాల డిస్కులు కొత్తగా వేసేటప్పుడు కంపెనీలే అతన్ని పిలిచి వ్యాఖ్యానం చెప్పించుకున్నాయి. బావా సినిమాలు చాలావాటిలో, బొమ్మ నడుస్తుంటే పక్కన వినిపించే గొంతు టిమ్‌దే.